టెలిస్కోప్ కొనేటప్పుడు ముందు కాళ్లు చూడాలి

పిల్లల కోసం అమ్మే టెలిస్కోప్ పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో కనిపించేది ఒక అంకె. 525 రెట్లు అనో 675 రెట్లు అనో ఉంటుంది, పక్కనే వలయాలతో ధగధగలాడే శనిగ్రహం బొమ్మ ఉంటుంది. మా మేనకోడలి పదో పుట్టినరోజుకు నగరంలోని ఒక మాల్‌లో అలాంటి పెట్టెనే నేనూ కొన్నాను. మూడు రాత్రులు మేడ మీద ప్రయత్నించాక అది అటక ఎక్కింది. పిల్లకు ఆకాశం మీద ఆసక్తి లేదని ఇంట్లో వాళ్లు అనుకున్నారు గానీ లోపం పిల్లది కాదు, ఆ పరికరానిది, దాన్ని ఎంచుకున్న నాది. ఆ తరువాత చదివి, అడిగి, పదిమంది పరికరాల్లోంచి చూసి తెలుసుకున్న విషయాన్ని ముందే చెబుతాను. మొదటి టెలిస్కోప్ మంచిదా కాదా అన్నది దాని గొట్టం కన్నా ఎక్కువగా అది నిలబడే కాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. ఎలాంటి కాళ్లు కావాలన్నది మనం ఏ ఊళ్లో ఉన్నామన్న దాన్నిబట్టి కొంత మారుతుంది.

ముందు ఆ 525 సంగతి తేల్చుకోవాలి. విచిత్రమేమిటంటే అది లెక్క ప్రకారం అబద్ధం కాదు. టెలిస్కోప్ ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందో తెలియాలంటే ముందున్న వస్తుకటకం నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్, అంటే కటకం వెలుగును ఒక చోట చేర్చే దూరం) కంటి దగ్గర పెట్టే ఐపీస్ నాభ్యంతరంతో భాగించాలి. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న గొట్టానికి 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 175 రెట్లు. దానికి పెట్టెలోనే ఇచ్చే బార్లో కటకాన్ని, అంటే బొమ్మను ఇంకో మూడు రెట్లు పెంచే కటకాన్ని, తగిలిస్తే 525. గొట్టం 900 మిల్లీమీటర్లదైతే అదే లెక్కలో 675 వస్తుంది. అయితే ఒక గొట్టం నిజంగా పనికొచ్చేంత ఆవర్ధనం (పెద్దది చేసి చూపడం) ఎంతవరకు ఇవ్వగలదన్నది దాని ముఖద్వారపు వెడల్పును బట్టి ఉంటుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లు అన్నది అందరూ వాడే కొలమానం. అంటే 60 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కు 120 రెట్లే హద్దు. ఆ పైన బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేదీ కనిపించదు, పైగా మసకబారుతుంది. చెంబెడు పాలలో బిందెడు నీళ్లు పోస్తే పరిమాణం పెరిగినట్టు ఉంటుంది ఆ పెంపు.

ఎందుకిలా జరుగుతుందంటే టెలిస్కోప్ మొదట చేసే పని పెద్దది చేయడం కాదు, వెలుగును పోగుచేయడం. చీకటికి అలవాటు పడిన కంటిపాప ఇంచుమించు 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం అంతకు పది రెట్లు వెడల్పు కనుక, వైశాల్యంలో వంద రెట్లు, వంద రెట్ల వెలుగును పడుతుంది. 130 మిల్లీమీటర్ల దర్పణం ఆ 70 మిల్లీమీటర్ల కటకం కన్నా దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. అందుకే పెట్టె మీద చూడవలసిన అంకె ఆవర్ధనం కాదు, ఈ వెడల్పు. చాలా పెట్టెల మీద అది చిన్న అక్షరాలతో, ‘70/700’ లాగా, నాభ్యంతరంతో జంటగా అచ్చయి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది నాభ్యంతరం.

మరి పిల్లలకు నిజంగా ఎంత ఆవర్ధనం కావాలి? గురుగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఆకాశంలో దాని వెడల్పు 45 సెకన్ల కోణం ఉంటుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను), చంద్రుడిది దాదాపు 1800 సెకన్లు. కనుక కేవలం 40 రెట్లలో గురుడు, మామూలు కంటికి పున్నమి చంద్రుడు కనిపించినంత వెడల్పుగా కనిపిస్తాడు. శని వలయాలు 30 రెట్ల దగ్గరే గ్రహం నుంచి విడివడి తెలుస్తాయి. గెలీలియో 1610 జనవరిలో గురుడి నాలుగు చంద్రులను కనిపెట్టినప్పుడు ఆయన చేతిలోని గొట్టం ఇంచుమించు 20 రెట్లదే. పిల్లలు చూడగలిగిన వాటిలో తొంభై పాళ్లు 30 నుంచి 120 రెట్ల మధ్యనే ఉన్నాయని ధైర్యంగా చెప్పవచ్చు, ఆ కాస్త ఆవర్ధనం ఇవ్వలేని టెలిస్కోప్ బజారులో దాదాపు లేదు.

అసలు చిక్కు కాళ్ల దగ్గర మొదలవుతుంది. భూమి తిరుగుతూ ఉంటుంది కనుక ఆకాశంలో చంద్రుడూ గ్రహాలూ నిమిషానికి దాదాపు పావు డిగ్రీ చొప్పున పడమరకు జరుగుతాయి. మామూలు ఐపీస్‌తో 70 రెట్లు పెట్టినప్పుడు మనకు కనిపించే ఆకాశపు ముక్క ముప్పాతిక డిగ్రీ కన్నా తక్కువే. ఒక అంచున ప్రవేశించిన గ్రహం మూడు నిమిషాల లోపే రెండో అంచు దాటిపోతుంది. మధ్యలో నిలిపి పెట్టామంటే మనకు మిగిలేది నిమిషంన్నర. 150 రెట్లలో అది అరనిమిషం కొద్దిగా దాటుతుంది. పెద్దవాళ్లు గ్రహాన్ని పట్టి, పక్కకు జరిగి, పిల్లను స్టూలు ఎక్కించి, ఒక కన్ను మూసుకోవడం నేర్పించేసరికి ఆ గడువు అయిపోతుంది. “మామయ్యా, గురుడు వెళ్లిపోయాడు” అని మా మేనకోడలు మొదటి రాత్రే నాలుగుసార్లు అన్నది. వెళ్లిపోయినప్పుడల్లా గొట్టాన్ని కొద్దిగా కదపాలి. కదపగానే సన్నటి అల్యూమినియం కాళ్లు వణుకుతాయి, గురుడు జెల్లీలా ఊగుతాడు. ఆ ఊగుడు తగ్గేలోపు మళ్లీ జరిగిపోతాడు. ఆకాశం మీద ఆసక్తిని చంపడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

అందువల్ల దుకాణంలో చేయవలసిన పరీక్ష ఒక్కటే. గొట్టాన్ని స్టాండ్ మీద పూర్తిగా బిగించి, దూరంగా ఉన్న ఏదైనా బోర్డు మీద అక్షరాలను చూస్తూ, గొట్టాన్ని వేలితో ఒకసారి తట్టాలి. ఊగుడు రెండు మూడు సెకన్లలో ఆగితే మంచి స్టాండ్. అయిదారు సెకన్లయినా ఆగకపోతే, ఆ గొట్టంలో ఎంత గొప్ప కటకం ఉన్నా వద్దనుకోవాలి. పెట్టె విప్పి చూపించని దుకాణంలో కొనకపోవడమే మేలు. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్ష కుదరదు కాబట్టి స్టాండ్ బరువును చూడాలి. అన్నీ కలిపి రెండు కిలోలకు మించదని రాసి ఉన్న మూడు కాళ్ల టెలిస్కోప్ గాలి వీచినా వణుకుతుంది.

స్టాండ్లలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి గొట్టాన్ని పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిప్పేది. చేతితో చూపినట్టు తిప్పడమే కనుక అయిదేళ్ల పిల్లకైనా ఒక్క క్షణంలో అర్థమవుతుంది. రెండోది ఈక్వటోరియల్ స్టాండ్. దాని అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి ఉంచితే ఆ తరువాత ఒక్క మరను తిప్పుతూ గ్రహాన్ని చాలాసేపు వెంబడించవచ్చు. వినడానికి ఇదే మేలనిపిస్తుంది. గొట్టానికి తూకంగా కడ్డీకి ఇంకో బరువు, రెండు మరలు, అంకెలు చెక్కిన చక్రాలు ఉంటాయి కనుక చూడటానికి కూడా శాస్త్రీయంగా ఉంటుంది, అమ్మేవారు దాన్నే ముందుకు తోస్తారు.

హైదరాబాద్‌లో దీనితో వచ్చే ఇబ్బంది భూగోళానికి సంబంధించినది. ధ్రువనక్షత్రం ఒక ఊళ్లో దిగంతం నుంచి ఎంత ఎత్తులో కనిపిస్తుందో అది ఆ ఊరి అక్షాంశానికి సమానం. మనది 17.4 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అది పది డిగ్రీలు. అంటే ధ్రువుడు మనకు రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేడు. మన మేడ కన్నా 15 మీటర్లు ఎత్తయిన అపార్ట్‌మెంటు ఉత్తరాన 45 మీటర్ల దూరంలో ఉంటే చాలు, ధ్రువుడు దాని వెనుకే. అపార్ట్‌మెంటు లేకపోయినా ఆ ఎత్తులో నగరపు ధూళి, దీపాల కాంతి దట్టంగా ఉంటాయి, ధ్రువుడేమో అంత ప్రకాశవంతమైన చుక్క కాదు. పైగా ఇంత తక్కువ అక్షాంశానికి వంచినప్పుడు కొన్ని చౌక స్టాండ్లలో బరువు కడ్డీ మూడు కాళ్లలో ఒకదానికి తగులుతుంది. లండన్ పిల్లలకు ధ్రువుడు 51 డిగ్రీల ఎత్తున సులువుగా దొరుకుతాడు. అక్కడి వారికోసం రాసిన సలహాలు మనకు యథాతథంగా పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

అయితే ఇదే అక్షాంశం మనకు ఇంకో చోట పెద్ద మేలు చేస్తుంది. సూర్యచంద్రులు, గ్రహాలు నడిచే దారి మన ఊరికి నడినెత్తికి దగ్గరగా సాగుతుంది. గ్రహాలు ఆ దారిలో అన్నిటికన్నా దక్షిణపు కొసకు వెళ్లినప్పుడు కూడా మధ్యాహ్నరేఖ మీద, అంటే ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకు చేరినప్పుడు, మనకు 49 డిగ్రీల ఎత్తున ఉంటాయి, లండన్‌లో ఆ సమయంలో 15 డిగ్రీలే. ఎత్తులో ఉన్న గ్రహం వెలుగు తక్కువ గాలిని దాటి వస్తుంది కనుక బొమ్మ నిలకడగా ఉంటుంది. 2027 ఫిబ్రవరిలో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున నిలిచే రోజుల్లో అర్ధరాత్రివేళ హైదరాబాద్‌కు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఈ వరంలో ఒక చిన్న తిరకాసు లేకపోలేదు. పైకి ఎత్తిన పొడవాటి గొట్టం వెనుక కొస కిందికి దిగి కాళ్లకు తగులుతుంది, దానిలోంచి చూడటానికి మెడ విరుచుకోవాలి. కటకపు టెలిస్కోప్ కొనేవారు వెలుగును పక్కకు మళ్లించే డయాగనల్ పెట్టెలో ఉందో లేదో, గొట్టం నిటారుగా లేస్తుందో లేదో తప్పక చూసుకోవాలి.

ఈ చిక్కులన్నిటికీ సులువైన విరుగుడు డాబ్సోనియన్ అనే పీఠం. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ కథ మన పాఠకులకు ఆసక్తికరంగా ఉంటుంది. ఆయన అమెరికాలోని కాలిఫోర్నియాలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత మఠాల్లో 1944 నుంచి 1967 వరకు సన్యాసిగా ఉన్నారు. చేతిలో డబ్బు లేక, ఓడ కిటికీల నుంచి వచ్చిన పాత గాజును అరగదీసి దర్పణాలు చేశారు, అట్ట గొట్టాలనూ ప్లైవుడ్ పెట్టెలనూ వాడి, వాటిని వీధిలో నిలబెట్టి దారిన పోయేవారికి చంద్రుణ్ణి చూపించారు. ఆ పీఠానికి కాళ్లే ఉండవు. నేల మీద కూర్చునే ఒక చెక్క పెట్టె, అందులో పైకీ కిందికీ ఊగే గొట్టం, అంతే. వణకడానికి అందులో ఏమీ లేదు. పిల్లల కోసం దీనిలోనే బల్ల మీద పెట్టుకునే చిన్న రకం వస్తుంది, 76 నుంచి 130 మిల్లీమీటర్ల దాకా. మన మేడల మీద పిట్టగోడ అడ్డొస్తుంది కనుక దానికి గట్టి స్టూలో, కదలని బల్లో కావాలి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే పీఠం ఇచ్చిన మేలంతా కుర్చీ పాలవుతుంది. ముఖ్యంగా, దీన్ని పిల్ల తానే పట్టుకుని తిప్పగలదు. ఇంకొకరు పట్టి చూపించిన గ్రహానికీ తాను వెతికి పట్టుకున్న గ్రహానికీ పిల్లల దృష్టిలో ఎంత తేడా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది.

కటకమా, దర్పణమా అన్న ప్రశ్న మీద జనం ఎక్కువ వాదించుకుంటారు గానీ మొదటి టెలిస్కోప్ విషయంలో అది రెండో స్థానంలోనిదే. కటకపు టెలిస్కోప్‌కు నిర్వహణ దాదాపు అక్కర్లేదు, తీసిన వెంటనే పనిచేస్తుంది. న్యూటన్ 1668లో చేసిన పద్ధతిలోని దర్పణపు టెలిస్కోప్ అదే ఖర్చుకు ఎక్కువ వెడల్పు ఇస్తుంది గానీ దర్పణాలను అప్పుడప్పుడు సరిచేసుకోవాలి. ఒక్క మోసాన్ని మాత్రం గుర్తుపట్టాలి. పెట్టె మీద 114/1000 అనో 127/1000 అనో ఉండి, గొట్టం చూస్తే అర మీటరుకు అటూ ఇటూ ఉంటే, లోపల నాభ్యంతరాన్ని సాగదీసే చిన్న కటకం అతికించి ఉందన్నమాట. చౌక రకాల్లో అది బొమ్మను పాడుచేయడమే కాక, దర్పణాలను సరిచేయడాన్ని కొత్తవారికి దాదాపు అసాధ్యం చేస్తుంది. ఐపీస్ గొట్టం వెడల్పు 1.25 అంగుళాలు ఉండాలి. అంతకన్నా సన్నని 0.965 అంగుళాల రకం బొమ్మల దుకాణపు సరుకు, తరువాత మంచి ఐపీస్ కొన్నా దానికి పట్టదు.

నగరపు దీపాల సంగతి చాలామంది తల్లిదండ్రులను వెనక్కి లాగుతుంది. ఈ కాంతి కాలుష్యం కొత్త సమస్య కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారింది, అక్కడ 15 అంగుళాల కటకపు టెలిస్కోప్ పనిచేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల పెద్ద టెలిస్కోప్‌ను 1960ల చివర్లో పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న జపాల్–రంగాపూర్‌కు వెళ్లింది. అయితే అది పరిశోధకుల అవసరం. చంద్రుడు, శుక్రుడు, గురుడు, శని వీధిదీపాలకు లొంగేవారు కారు, మాదాపూర్ అపార్ట్‌మెంటు పై అంతస్తు నుంచి కూడా వికారాబాద్ కొండల మీద నుంచి కనిపించినట్టే కనిపిస్తారు. నష్టపోయేవి నెబ్యులాలు (నక్షత్రాల మధ్యనుండే వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీలు. వాటి విషయంలో పిల్లలకు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి. మసక వెలుగులో కంటికి రంగులు తెలియవు కనుక, ఫోటోల్లో గులాబీరంగులో మెరిసే మృగశిర ప్రాంతపు నెబ్యులా టెలిస్కోప్‌లో బూడిదరంగు పొగలా ఉంటుంది. ఈ మాట ముందే చెబితే ఆ పొగ కూడా అద్భుతంగానే ఉంటుంది. చెప్పకపోతే మోసపోయామనిపిస్తుంది.

కొనే కాలం కూడా ఆలోచించాలి. జూన్‌లో బడులు తెరిచే వేళ కానుకగా కొంటే సెప్టెంబరు దాకా మబ్బులే చూడవలసి వస్తుంది. దసరా దాటాక మార్చి వరకు మన ఆకాశం బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రులు తేటగానే ఉన్నా, పగలంతా కాగిన కాంక్రీటు మేడ పదిగంటల దాకా వేడిని వదులుతూనే ఉంటుంది, ఆ వేడిగాలిలో గ్రహం అంచులు పెనం మీది గాలిలా కదులుతాయి. సాయంత్రమే మేడ మీద నీళ్లు చల్లడం మన పెద్దలు నిద్ర కోసం చేసిన పని గానీ టెలిస్కోప్‌కు కూడా కొంత మేలు చేస్తుంది. ఏసీ గదిలోంచి నేరుగా ఉక్కబోతలోకి తెస్తే కటకం మీద ఆవిరి పడుతుంది, అరగంట ముందే బయట పెట్టాలి, ఆవిరిని గుడ్డతో తుడవకూడదు. వానాకాలంలో కటకాలకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఐపీస్‌లను దాచాలి.

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు టెలిస్కోప్ కన్నా 7×50 లేదా 10×50 (ముందుది ఆవర్ధనం, తరువాతది మిల్లీమీటర్లలో వెడల్పు) బైనాక్యులర్లు మేలని నా అభిప్రాయం. రెండు కళ్లతో చూడవచ్చు, బొమ్మ తలకిందులు కాదు, పగలు పిట్టలను చూడటానికీ పనికొస్తాయి. పిల్లలు పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికల గుంపు ఏ టెలిస్కోప్‌లోనూ ఇంత నిండుగా కనిపించదు. కొనేముందు రెండు గొట్టాలూ పిల్ల కళ్ల మధ్య దూరానికి సరిపోయేంత దగ్గరకు ముడుచుకుంటున్నాయో లేదో పిల్ల చేతనే చూపించుకోవాలి. తొమ్మిది, పది దాటినవారికి 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం, గట్టి కాళ్లు ఉన్నది చాలు. మేడా గట్టి బల్లా ఉండి, మరికొంత ఖర్చుపెట్టగలిగితే 114 లేదా 130 మిల్లీమీటర్ల బల్ల డాబ్సోనియన్‌కే నా ఓటు. ఒక మెట్టు కింది వెడల్పు తీసుకుని అయినా స్టాండ్ మీద డబ్బు పెట్టాలి. బటన్ నొక్కితే తానే గ్రహాన్ని వెతికే కంప్యూటర్ స్టాండ్లు, ఫోన్ బిగించే క్లిప్పులు తరువాతి సంగతి.

ఒక్క విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ ఉండకూడదు. టెలిస్కోప్‌ను సూర్యుడి వైపు తిప్పి చూస్తే చూపు క్షణంలో శాశ్వతంగా పోతుంది. పాత రకం పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల ‘సన్ ఫిల్టర్’ కనిపిస్తే, అది వేడికి పగిలే వస్తువు కనుక, పిల్లలు చూడకముందే సుత్తితో పగలగొట్టి పారేయాలి. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని మొత్తం కప్పే ప్రత్యేకమైన ఫిల్టర్ ఉండాలి, ఫైండర్‌కు (గురి చూడటానికి పక్కన బిగించే చిన్న గొట్టానికి) మూత ఉండాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పగటిపూట టెలిస్కోప్‌ను మేడ మీద ఒంటరిగా వదిలేయకూడదు.

కొన్న రోజున పగలే చేయవలసిన పని ఒకటి ఉంది. సూర్యుడికి వ్యతిరేక దిక్కున, దూరంగా ఏదో ఒక ఇంటి మీది నీళ్ల ట్యాంకును ఎక్కువ నాభ్యంతరపు ఐపీస్‌తో, అంటే 25 మిల్లీమీటర్లదాంతో, మధ్యలోకి తెచ్చి, ఫైండర్ కూడా ఆ ట్యాంకునే చూపేలా దాని మరలు సరిచేయాలి. ఇది చేయనివారికి రాత్రి చంద్రుడు కూడా దొరకడు. మొదటి రాత్రి పున్నమి కాకుండా సప్తమి, అష్టమి ప్రాంతం కావాలి. పున్నమినాడు వెలుగు ఎదురుగా పడి గోతులకు నీడలుండవు. అష్టమి చంద్రుడిలో వెలుగు చీకట్ల సరిహద్దు మీద ప్రతి గొయ్యికీ నీడ పడుతుంది. శని వలయాలు 2025 మార్చిలో అంచు మాత్రమే మనవైపు తిప్పి గీతలా మారాయి, అప్పటినుంచి ఏటేటా విచ్చుకుంటున్నాయి, 2032 ప్రాంతంలో బాగా తెరుచుకుంటాయి. ఇప్పుడు పదేళ్లున్న పిల్లకు ఇది చక్కని కాలం.

వేసవి మొదట్లో సప్తర్షి మండలం సాయంత్రమే ఉత్తరాన లేస్తుంది. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండుకు పడ్డా పురోహితులు వధూవరులకు చూపించే అరుంధతి అక్కడే, వశిష్ఠుడి పక్కన ఉంటుంది. కొత్త టెలిస్కోప్ వచ్చాక మా మేనకోడలు దాన్ని 28 రెట్లలో తానే పట్టుకుంది. అరుంధతి కాస్త ఎడంగా ఉంది. వశిష్ఠుడు మాత్రం ఒక్కడు కాదు, దగ్గర దగ్గరగా రెండు చుక్కలు. “ఇంకొకరెవరు?” అని అడిగింది. ఆ జంట 1617 నుంచే ఖగోళజ్ఞులకు తెలుసునని, మన కంటికి ఒక్కటిగా కనిపించడానికి కారణం అవి 14 సెకన్ల కోణంలోనే ఉండటమని చెప్పాను. ఆమె వినలేదు. చుక్క అంచు దాటుతోంది, గొట్టాన్ని కొద్దిగా పడమరకు తోస్తోంది.